మగ్గం గుంతా, నా ఒక్కపొద్దులూ

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు కోడలిగా వచ్చాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. బస్సు దిగి మగ్గాల వీధిలోకి తిరిగామో లేదో, అరుగు మీద నూలు కండెలు చుట్టుకుంటున్న ఒకామె పక్కామెతో, "ఆదోని నుంచి దూది బోరెం దిగినాది సూడే" అంది. బోరెం అంటే గోనెసంచి. మా ఆదోనిలో జిన్నింగ్ మిల్లుల ముందు దూది కుక్కిన బోరేలు బండ్లకెత్తుతుంటారు కదా, ఆ పోలిక. ఆమె మెల్లగానే అంది. నా చెవులు మాత్రం అంత మెల్లటివి కావు.

నేను పుట్టుకతోనే లావు. మా నాయనా లావే. ఆదోనిలో మా మగ్గం వసారాలో ఉండేది, చుట్టూ బోలెడంత చోటు. పోగుల్ని దగ్గరికి బిగించే పలకను ఆయన లాగి కొడితే ఆ చప్పుడు నాలుగిళ్ళ అవతలికి వినిపించేది. పన్నెండేళ్ళప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేత నేర్పాడు. నాకు చదువు అబ్బలేదు, వంట అంతంతమాత్రం, నేత మాత్రం ఇట్టే పట్టుబడింది. మగ్గమంటే నాకు అన్నం కన్నా ఇష్టమని అందరితో చెప్పుకునేదాన్ని. ఆ మాట నిజంగానే రుజువు చేసుకోవలసి వస్తుందని అప్పుడు అనుకోలేదు.

అత్తగారింట్లో రెండు మగ్గాలు. ఒకటి మా ఆయనది, రెండోది మా అత్తది. ఆమెకు చూపు మందగించింది. తెగిన పోగు కనిపించక, నేను రావడానికి ఏడాది ముందే నేత మానుకుంది. మగ్గం ఖాళీగా పడి ఉంది. నాకేమో కండెలు చుట్టే పని అప్పజెప్పారు. నేయడం వచ్చిన చేతికి రోజంతా రాట్నం తిప్పడమంటే, వంట బాగా వచ్చినదాన్ని కూర్చోబెట్టి ఉల్లిగడ్డలు ఒలవమన్నట్టే. ఆ ఇంట్లో నాకు కావలసింది ఒక్కటే, ఆ రెండో మగ్గం. రెండు నెలలు ఓపిక పట్టి, ఒకనాడు అడిగేశాను.

"నేత వచ్చునామే నీకు?" అంది మా అత్త.

"వచ్చు అత్తా. మా నాయన నేర్పినాడు."

"ఐతే కూసో, సూద్దాం."

మావి గుంత మగ్గాలు. నేలలో గుంత తవ్వి, దాని ఒడ్డున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి నేస్తాం. కాళ్ళ కింద తొక్కుడు చెక్కలు ఉంటాయి. పొట్టకు ఎదురుగా, నేసిన గుడ్డ చుట్టుకునే అడ్డకర్ర ఉంటుంది. ఆ కర్రను మోసే గుంజలు రెండు నేలలో నాటి ఉంటాయి. మా అత్త మగ్గం గోడకు మరీ దగ్గర. నేను దిగి కూర్చున్నాను. వీపుకు గోడ తగిలింది, పొట్టకు కర్ర తగిలింది. వంగి పలక అందుకుందామంటే వంగడానికి చోటే లేదు. బయటికి రావడానికి మా ఆయన చేయి పట్టి లాగవలసి వచ్చింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఒళ్ళు తగ్గినంక నేస్తువులే," అంది మా అత్త. ఆమె గొంతులో కోపం లేదు, ఎగతాళీ లేదు. పెద్దదానికి చిన్న పిల్ల గాజులు పట్టవని చెప్పినట్టు చెప్పింది. నేనూ అట్లాగే విన్నాను. తప్పు నాదే అనుకున్నాను. గుంతది కావచ్చని నాకు తట్టనే లేదు.

ఇంక చూడండి నా తపస్సు. కోడలు అన్నం మానేస్తే ఊరు ఊరుకోదు. నీళ్ళోసుకుందా అంటారు, అత్త పెట్టడం లేదా అంటారు. అందుకని దేవుళ్ళను అడ్డం పెట్టుకున్నాను. సోమవారం శివుడికి ఒక్కపొద్దు, ఆ రోజంతా పొద్దుగుంకాక ఒక్క పూటే తిండి. నెల తిరక్కుండా గురువారం చేర్చాను, మంత్రాలయం పక్కనే కదా, ఎవరూ ఎందుకని అడగరు. తర్వాత శనివారం. తర్వాత శుక్రవారం లక్ష్మికి. మిగిలిన రోజుల్లో ఒక్క జొన్నరొట్టె, అదీ సగం తుంచి ఎవరూ చూడకుండా గేదె కుడితిలో వేసేదాన్ని. ఉలవలు ఉడికించిన నీళ్ళు తాగితే కొవ్వు కరుగుతుందని ఎవరో అంటే, అదీ తాగాను. వీధిలో నాకు మహా భక్తురాలని పేరొచ్చింది. "ఎంత నిష్ఠమ్మా ఈయమ్మిది" అని, నన్ను బోరెం అన్నామే మెచ్చుకుంది. లోపల నాకు దేవుడి ధ్యాసే లేదు. వేరుశనగ ఊరిబిండి పచ్చడి ధ్యాస. పొద్దున్నే వీధి చివర బొరుగుల ఉగ్గాని తాలింపు వాసన వస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

అన్నిటికన్నా పాడు పని ఇంకొకటి చేశాను. స్నానం చేసేటప్పుడు నా నడుము కండ పట్టుకుని గిల్లుకునేదాన్ని. ఇంకా పోలేదే నువ్వు, పీడా, అని దాన్ని తిట్టేదాన్ని. పరాయి మనిషిని కూడా నేను అంత మాట అనలేదు. ఆ నడుము అప్పటికి నాకు ఏ అపకారమూ చేయలేదు. ఆదోనిలో బిందె మీద బిందె మోసింది, మా నాయనకు జ్వరమొస్తే రెండు నెలలు ఆయన బదులు మగ్గం మీద వంగింది. అవన్నీ మరిచిపోయి దాన్ని శత్రువులా చూశాను.

ఎనిమిది నెలలు గడిచాయి. బుగ్గలు పీక్కుపోయాయి, గాజులు మోచేతి దాకా జారాయి, జుట్టు దువ్వెనకు వచ్చేసింది. ఒకరోజు మా అత్త నా భుజం తడిమి, "ఇంగ పడతావులేమే" అంది. పట్టాను. గోడకూ కర్రకూ మధ్య చక్కగా పట్టాను. నిలువు పోగుల పడుగు ఎక్కించారు, అడ్డపోగు తీసే నాడె చేతికిచ్చారు. ఆ పూట నా అంత గెలిచినది ఇంకెవరూ లేరనుకున్నాను.

గెలుపు గంటసేపు కూడా నిలవలేదు. నాడె విసిరితే పడుగు మధ్యలోనే ఆగిపోయేది. పలక లాగితే చెయ్యి వణికేది. పదిసార్లు కొడితే ఒకసారి ఆగి, గుంజ పట్టుకుని, కళ్ళ ముందు చీకట్లు పోయేదాకా కూర్చునేదాన్ని. మా ఆయన మగ్గం అవతల టకటకా నడుస్తుంటే, నాది దగ్గుతున్న ముసలిదానిలా నడిచేది. ఆయన రెండు చీరలు దించేసరికి నేను ఒక్కటి దించాను.

మాకు నూలు ఇచ్చి గుడ్డ తీసుకునే షావుకారు అదే ఊళ్ళో ఉండేవాడు. మనిషి మంచివాడే గాని గుడ్డ దగ్గర మొహమాటం లేదు. ఆ శనివారం చీరలు ఇవ్వడానికి నేనూ మా ఆయన వెంట వెళ్ళాను, నా చేతి చీర చూసి ఏమంటాడో నా చెవులతో వినాలని. షావుకారు నా చీర మడత విప్పి ఎండకు ఎత్తి పట్టాడు. నా చీరలోంచి ఎదురింటి గోడ కనిపించింది.

"ఇదేందప్పా," అన్నాడు మా ఆయనతో, "పలక దెబ్బే లేదు. మీయమ్మతో నేపించినావా? ముసిలామె, కండ్లు కనపడవు, ఆమెను యాలా బాధ పెడతాండావు?"

మా ఆయన నా వైపు చూడలేదు. తల వంచుకుని, "ఇంకోసారి సరిగ్గా తెస్తాం అన్నా" అని చీర మడిచాడు. నేను పక్కనే ఉన్నాను, ఇరవై ఏళ్ళదాన్ని. నా నేతను చూసి ముసలామె నేత అన్నారు. లావుగా ఉన్నావంటే ఏడుపొచ్చేది కానీ ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ కోపం షావుకారు మీద కాదు. ఆయన ఉన్నమాట అన్నాడు. మా నాయన నా చేతిలో పెట్టిన పనిని నేనే చేతులారా పాడు చేసుకున్నానని కోపం.

తిరిగొస్తుంటే వీధి చివర ఉగ్గాని అంగడి. ఆగిపోయాను.

"నాకు ఉగ్గాని తే. బజ్జీలు కూడా," అన్నాను.

"ఈ పొద్దు శనివారం గదా?"

"దేవునికి నేను సెప్పుకుంటాలే. నువ్వు తే."

ఆయన ఆకులో కట్టించి తెచ్చాడు. నేను ఇంట్లోకి పోలేదు. మా అరుగు మీదే, అందరి ముందు, కాళ్ళు బారజాపుకుని కూర్చుని తిన్నాను. ఎదురింటామె కండె వదిలేసి వచ్చింది.

"ఒక్కపొద్దు సెడగొట్టుకుంటివి కదమ్మీ, పాపం కాదా?"

"దేవునికి ఉన్నది కాదక్కా," అన్నాను నోట్లో బజ్జీతోనే. "లావు తగ్గల్లని ఉన్నా. ఎనిమిది నెల్లు మీ అందరికీ అబద్ధం సెప్పినా."

ఆమె తిరిగి తన కండె దగ్గరికి పోయింది. నాకు ఆ మాట బయటికి వచ్చాక పొట్టలో బజ్జీకి చోటు ఇంకా పెరిగినట్టయింది. మా ఆయన ఇంకో పొట్లం తేవడానికి మళ్ళీ అంగడికి వెళ్ళాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, ఆ రెండో పొట్లమే ఆయన మాట.

ఆ రోజు నుంచి రెండు పూటలా తిన్నాను. జొన్నరొట్టె, ఊరిబిండి, కొర్రన్నం, మజ్జిగ, ఏది ఉంటే అది. మొదట్లో తిన్నాక భయం వేసేది, చెయ్యి దానంతటదే నడుము దగ్గరికి పోయేది. గిల్లబోయి ఆగి, ఊరికే చెయ్యి వేసి ఉంచేదాన్ని. వెచ్చగా ఉండేది. మెల్లగా బుగ్గలు వచ్చాయి, చేతుల్లోకి బలం వచ్చింది. దాంతోపాటు పొట్ట కూడా వచ్చి మళ్ళీ అడ్డకర్రను ఆనుకుంది. రావలసిందే కదా. ఈసారి నేను గిల్లుకోలేదు. పడుగు అయిపోయేదాకా ఆగి, పెరట్లోంచి గడ్డపార తెచ్చాను.

మా అత్త గోడ తడుముకుంటూ వచ్చింది. "ఏం సేస్తాండావే?"

"గుంజలు పీకి జానెడు ముందర నాటుతాం అత్తా. గుంత కూడా అంత ముందరికి తవ్వుతాం."

"మీ మామోళ్ళ నాయన నాటిన గుంజలవి. మా అత్త అందులోనే కూసున్నది, నేను అందులోనే కూసుంటి. మనుసులు సర్దుకోవల్ల గానీ, మగ్గాన్ని కదిలిస్తారా యాడన్నా?"

నాకు నోరు పెద్దది. అయినా అత్త మీద ఎప్పుడూ లేపలేదు. ఆ రోజు లేచింది. "సర్దుకుంటి కదత్తా. ఎనిమిది నెల్లు కడుపు మాడ్చుకుని సర్దుకుంటి. ఏమొచ్చినాది? షావుకారు ఆ గుడ్డ సూసి ముసిలోళ్ళు నేసినారనె. నాకు నేత కావల్ల. ఈ ఒళ్ళుతోనే కావల్ల. ఇది తప్ప నాకు ఇంకో ఒళ్ళు లేదు."

 ఆమె వెనక్కి తిరిగి వంగి వంగి నడుచుకుంటూ లోపలికి పోయింది.  ఇంక ఈ మగ్గం నాది కాదనే అనుకున్నాను. గడ్డపార కింద పెట్టబోతుంటే ఆమె మళ్ళీ వచ్చింది, చేతిలో పసుపు కుంకుమల పళ్ళెం. "నాటేటప్పుడు గుంజలకు బొట్టు పెట్టల్ల. అది మరవద్దు," అని పళ్ళెం నా చేతికిచ్చింది.

మా ఆయనా నేనూ ఒక పూటంతా తవ్వాము. నల్లరేగడి ఎండి రాయిలా ఉంది. సాయంత్రానికి గుంజలు కొత్త చోట నిలబడ్డాయి. మరునాడు దిగి కూర్చున్నాను. నాకూ కర్రకూ మధ్య మూడు వేళ్ళ సందు. వంగాను, పలక అందింది, లాగి కొట్టాను. ఆ దెబ్బకు ఎదురింటామె గుమ్మంలోకి వచ్చి చూసింది. మా నాయన దెబ్బ అది. నా లావంతా ఆ దెబ్బ వెనక ఉంది. ఇన్నాళ్ళూ వదిలించుకోవాలని చూసింది నా బలాన్నేనని అప్పుడు తెలిసి, నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

పదిహేను రోజులకు షావుకారు నా చీరను ఎండకు ఎత్తాడు. గోడ కనిపించలేదు. గోటితో పోగులు జరపబోయాడు, జరగలేదు. "ఎవురప్పా నేసింది?" అన్నాడు. మా ఆయన నోరు తెరవకముందే, "నేనే" అన్నాను. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, "సెయ్యి గట్టిదమ్మా" అన్నాడు. ఆ చూపుకు నేను కొంగు సర్దుకోలేదు.

తర్వాతి పడుగులో నాకోసం ఒక చీర నేసుకున్నాను. అందరికీ నేసేదానికన్నా రెండు మూరలు పొడుగు. అప్పటిదాకా ఏ చీర కట్టినా నాకు కుచ్చెళ్ళు నాలుగు కూడా వచ్చేవి కావు, పైట భుజం దాటేది కాదు. ఈ చీరకు కుచ్చెళ్ళు చేతినిండా వచ్చాయి. పైట వెనక నుంచి చుట్టి తెచ్చి నడుములో దోపుకుని, మా అత్త ముందు నిలబడ్డాను.

ఆమె కళ్ళు దగ్గరగా పెట్టి చూసింది. అంచు మొదలు నుంచి చివరిదాకా వేళ్ళతో తడిమింది. 

"ముప్పై ఏండ్లు ఊరందరికీ నేస్తి," అంది చివరికి. "నా ఒడ్డూ పొడుగూ సూసి నాకంటూ ఒగటి నేసుకోలేదు. ఆ గుంత నాకు లోతు సాలేది కాదమ్మీ. మోకాళ్ళు గడ్డానికి తగిలేటివి. తవ్వచ్చని నాకు తెలియకపాయె."

నేను ఒక నూలు పోగు తెంపి పట్టుకుని, నీ ఒడ్డూ పొడుగుకు ఒక చీర నేస్తాను, కొలత తీస్తాను, గోడకు ఆనుకుని నిలబడమన్నాను. ఇప్పుడు నాకెందుకులే అని కాసేపు గొణిగింది. తర్వాత గోడకు వీపు ఆనించి, వంగిన నడుమును కొద్దికొద్దిగా నిటారు చేసుకుంటూ నిలబడింది. ఆమె తల నా తలను దాటి ఇంకా పైకి పోయింది. మా అత్త అంత పొడుగు మనిషని నాకు అప్పటిదాకా తెలియదు.