నలభై ఎనిమిది స్నానాల సమీకరణం

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఏ విషయమైనా నేను కాస్త ఉబ్బించి చెబుతాను. నా మాటల్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని కూడా ఓసారి జల్లెడ పట్టాలని మా ఆవిడ అంటుంది. కాబట్టి ఒకే ఒక్క ఉదయం, ఒకే ఒక్క సమీకరణంతో నలభై ఎనిమిది మంది భవిష్యత్తును నేనెలా గంగపాలు చేయబోయానో చదివేటప్పుడు ఓ జల్లెడ దగ్గర పెట్టుకోండి. ఇందులో ఏది కల్పించానో చివర్లో నేనే చెప్పేస్తాను.

పదేళ్ల కిందటి మాట. నారాయణగూడలో ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పేవాణ్ని. మొత్తం నాలుగంటే నాలుగు రోజులు ఒక వర్క్‌షాపుకి వెళ్లొచ్చాను. ఒక వ్యవస్థ నడిచే తీరును సమీకరణంగా రాసుకుని, దీన్ని ఇంత పెంచితే అది ఎంత తగ్గుతుంది, దాన్ని తీసేస్తే ఇదేమవుతుంది అని కాగితం మీదే తేల్చేసే విద్య నేర్పారక్కడ. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ నా కంటికి మనుషులు ఆనడం మానేశారు. అన్నీ వ్యవస్థలే.

"నీ కాఫీకి మూడు ఇన్‌పుట్లు. పాలు, డికాక్షన్, మంట," అన్నాను మా ఆవిడతో.

"నాలుగోది నా ఓపిక. ముందు అయిపోయేది అదే," అంది.

చిక్కడపల్లి ఎక్కడ అయిపోతుందో, అశోక్‌నగర్ ఎక్కడ మొదలవుతుందో తేల్చుకోలేని ఓ సందులో ఉంటాం మేము. ఎదురుగా పద్మక్క హాస్టల్. సర్కారు కొలువు కోసం ఊళ్ల నుంచి వచ్చి చదువుకునే కుర్రాళ్లు నలభై ఎనిమిది మంది. బాత్‌రూములు నాలుగు. ఓ సాయంత్రం పద్మక్క మా గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"సార్, జర పరేషాన్‌ల ఉన్న. ఇంకో పది రోజులల్ల మా పొల్లగాండ్లకు పరీక్ష. పోయినసారి బాత్‌రూముల కాడ లైన్‌ల నిలవడి ఇద్దరు సెంటర్‌కు లేటు పోయిన్రు. గేటు ఏసిన్రు. వాపస్ వచ్చి మెట్ల మీద కూసొని ఏడ్సిన్రు సార్. మీరు లెక్కల సార్ గదా, ఏమన్న ఉపాయం చెప్పుండ్రి. మల్లేశ్‌కైతే ఇదే ఆఖరు. వయసు దాటిపోతది."

మల్లేశ్ ఆ హాస్టల్‌కి పెద్ద. మహబూబాబాద్ వైపు మనిషి. మిగతా నలభై ఏడు మందీ అతన్ని అన్న అనే పిలిచేవారు. వాళ్ల నోట్సులన్నీ అతని చేతిరాతే.

ఉపాయం అడిగితే చెప్పి ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే మీకిది చదివే యోగం ఎక్కడిది!

మర్నాడు పొద్దున్నే స్టాప్‌వాచీ, లాంగ్ నోట్‌బుక్కు పట్టుకుని బాత్‌రూముల ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గడియ పడితే వాచీ నొక్కడం, గడియ తీస్తే ఆపి రాసుకోవడం. అలా మూడు రోజులు. ఎన్నికల కౌంటింగ్ కూడా అంత నిష్ఠగా జరిగి ఉండదు.

తువ్వాలు భుజానేసుకుని వచ్చిన మల్లేశ్ నన్ను చూసి ఆగాడు.

"ఏం రాస్తున్నరు సార్?"

"ఎవరికి ఎంతసేపు పడుతుందో. నువ్వు మామూలుగా స్నానం చెయ్యి నాయనా, నేనిక్కడ లేననుకో."

"ఎట్లనుకుంట సార్? ఎదురుంగనే ఉన్నరు గదా."

సగటు తేలింది: మనిషికి నాలుగు నిమిషాలు. నాకు కళ్లు చెమర్చాయి. ఇంత చురుకైన యువతరం ఉండగా ఈ దేశానికి ఢోకా లేదనుకున్నాను. నలభై ఎనిమిది మంది, నాలుగు నిమిషాలు, నాలుగు గదులు. మొత్తం నలభై ఎనిమిది నిమిషాల్లో హాస్టల్ హాస్టలంతా తళతళ!

నా మోడల్ చూసి పద్మక్కకి ఇంకో ఆలోచన వచ్చింది.

"సార్, బియ్యం బస్తాలు పెట్టనీకి జాగ లేదు. ఒక బాత్‌రూమ్ నేను తీస్కుంటే ఏమన్న ఇబ్బంది అయితదా?"

కంప్యూటర్‌లో నాలుగు తీసి మూడు కొట్టాను. అరవై నాలుగు నిమిషాలని చూపించింది.

"పదహారు నిమిషాలే తేడా. నిక్షేపంగా పెట్టుకోండి."

ఆ సాయంత్రమే ఇరవై బస్తాలు లోపలికి వెళ్లాయి. నేను గది నంబర్ల వరసన ఎవరు ఎప్పుడు స్నానం చేయాలో పట్టిక తయారుచేసి మెట్ల దగ్గర అంటించాను. మేడ మీది చివరి గది కాబట్టి మల్లేశ్‌ది ఆఖరి వంతు.

"పరీక్ష రోజు ఎవ్వరూ తెల్లవారుజామునే లేచి అవస్థ పడక్కర్లేదు," అని ప్రకటించాను. "ఆరున్నరకి మొదలెడితే ఏడూ ముప్పై నాలుగుకి అంతా అయిపోతుంది. ఎనిమిదికల్లా ఆటో ఎక్కేయండి."

మల్లేశ్ తల గోక్కున్నాడు. "సార్, జర ముందుగాల్నే మొదలువెడితే మంచిగుంటదేమో."

"లెక్క మీద నమ్మకం లేదా?"

"లెక్క మీద ఉంది సార్," అని మిగతా మాట మింగేశాడు.

పరీక్ష రోజు వచ్చింది. ఏడూ పదికి మా తలుపు విరిగేలా చప్పుడు. నేను దుప్పటి ముసుగులో, దేశంలోని హాస్టళ్లన్నిటికీ సలహాదారుగా నియమితుణ్నై కలలో దండలు వేయించుకుంటున్నాను.

"ఏవండీ, లేవండి. మీ ఇన్‌పుట్లు గుమ్మంలో నిలబడ్డాయి," అంది మా ఆవిడ.

గుమ్మంలో మల్లేశ్. ఒక చేతిలో హాల్‌టికెట్, ఇంకో చేతిలో తువ్వాలు, తల పొడిగా.

"సార్, ఆరున్నరకెళ్లి ఇప్పటిదాంక పది మందే అయిన్రు!"

లుంగీ, బనియన్‌తోనే సందు దాటి పరిగెత్తాను. లోపల జాతర. మూడు తలుపులూ మూసి ఉన్నాయి. ఒక గదిలోంచి కుంకుడురసం వాసన. రెండో గదిలో ఎవరో రాజ్యాంగ అధికరణాలు మొదట్నుంచీ వల్లిస్తున్నాడు. ముప్పై రెండో దాని దగ్గరున్నాడు, ఆపే ఉద్దేశం కనిపించలేదు. మూడో గదిలో సకల దేవతలకూ పేరుపేరునా పిలుపు వెళుతోంది.

"మూడు గదులుండి పది మందికి నలభై నిమిషాలా? అంటే మనిషికి పన్నెండు నిమిషాలు! మీ సగటు నాలుగు కదరా!" అని అరిచాను.

"ఇయ్యాల పరీక్ష సార్. తలస్నానం చెయ్యకుంట ఎట్ల పోతరు?" అన్నాడు లైనులోంచి ఒకడు.

"ఆ బియ్యం బస్తాలన్న గుంజుదామంటే మూడు గంటలు పడ్తది," అంటూ పద్మక్క నెత్తి కొట్టుకుంది. "మంచిగ నాలుగు గొట్టంగ లేసేటోళ్లను పండవెట్టిన్రు గద సార్!"

నా మెదడు అలవాటుకొద్దీ గుణించేసింది. ఇదే తీరున సాగితే ఆఖరి మనిషి బయటపడేది తొమ్మిదీ నలభై రెండుకి. పరీక్ష కేంద్రం గేటు మూసేది తొమ్మిదిన్నరకి. ఆ ఆఖరి మనిషి మల్లేశ్. అతని సెంటరు ఉప్పల్ అవతల. సరైన అంకెలిస్తే నా మోడల్ ఎంత కచ్చితంగా చెబుతుందో చూశారా!

"మరి ఆ మూడు రోజులూ నాలుగు నిమిషాలకే ఎలా వచ్చేశారయ్యా?" అన్నాను ఏడుపు గొంతుతో.

మల్లేశ్ తలొంచుకున్నాడు. "తప్పుగ అనుకోకుండ్రి సార్. మీరు బయట గడియారం పట్టుకొని కూసుంటిరి. అంత పెద్దసార్ కూసున్నంక లోపల సబ్బు రుద్దుకోనీకి చెయ్యాడుతదా? రెండు మగ్గులు పోసుకొని ఉరికొచ్చినం. నరేందర్ అయితే మూడు రోజులు ఉత్త తువ్వాలే తడుపుకొచ్చిండు."

ఆ వ్యవస్థలో అన్నిటికంటే పెద్ద ఇన్‌పుట్ ఏదో, నాలుగు రోజుల వర్క్‌షాపులో ఎవరూ చెప్పలేదు. నేను లెక్కలో రాసుకోనిదీ అదొక్కటే. నేనే!

పద్మక్కకి నాకంటే ముందు వెలిగింది. గబగబా లోపలికెళ్లి కుర్చీ తెచ్చి నా వెనక వేసింది.

"కూసోండ్రి సార్."

"వాచీ ఇంట్లో ఉందండీ."

"గడియారంతోని ఏం పని? మీరు కూసోండ్రి చాలు."

కూర్చున్నాను. ఒకసారి గట్టిగా దగ్గాను. అధికరణాలు టక్కున ఆగిపోయాయి. దేవతలకు సెలవిచ్చేశారు. మూడు తలుపులూ ఒక్కసారే తెరుచుకున్నాయి. కుంకుడునురుగు కారుతున్న ఒకడు "నమస్తే సార్" అని నా ముందునుంచే పరిగెత్తాడు. ఎనిమిదీ అయిదుకి మిగిలిన ముప్పై ఎనిమిది మందీ అయిపోయారు. మల్లేశ్ రెండు నిమిషాల్లో వచ్చి, తల తుడుచుకుంటూనే ఆటో ఎక్కాడు. తొమ్మిదీ ఇరవైకి పద్మక్క ఫోన్ మోగింది.

"లోపటికి పోతున్న అక్కా. సార్‌ను లేవమని చెప్పు."

అప్పటిదాకా నేను కుర్చీలోనే ఉన్నాను మరి.

మల్లేశ్‌కి ఆ పరీక్షలోనే కొలువు వచ్చింది. మొన్నామధ్య ఫోన్ చేశాడు.

"సార్, మా ఆఫీసుల ఫైళ్లు అస్సలు కదుల్తలెవ్వు. ఒక్క రోజు వచ్చి పోతరా?"

నా గుండె ఉప్పొంగింది. "మోడల్ కట్టాలా నాయనా?"

"మోడల్ గీడల్ ఏం వద్దు సార్. కుర్చీ మేమే ఏస్తం, ఊకె కూసోండ్రి."

ఆ రోజే మా ఆవిడ ఎదుట, కాఫీ గ్లాసు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఇక బతికుండగా సాటి మనిషి స్నానాన్ని కొలవను, సగటు తీయను, పట్టిక అంటించను.

ఇక మాటిచ్చాను కాబట్టి చెప్పేస్తాను. హాస్టల్, బస్తాలు, తడిపిన తువ్వాలు, అన్నీ అక్షరాలా జరిగాయి. కల్పించింది ఒక్కటే. మల్లేశ్ తలుపు కొట్టినప్పుడు నేను నిద్రపోవడం లేదు. మా ఇంటి బాత్‌రూములో ఉన్నాను. అప్పటికి నలభై నిమిషాలైంది.