వాన పూర్తయ్యేదాకా

టీచరమ్మ ముందుగదిలో కిటికీ ఉంది, వెలుతురు లేదు. బయటి చప్పుడు రాకుండా కిటికీకి పరుపు బిగించారు. తలుపుకి రెండు దుప్పట్లు వేలాడదీశారు. బయట ఎండ కాసినా మబ్బు పట్టినా లోపల ఎప్పుడూ ఒకటే సాయంత్రం. మామూలు రోజుల్లో ఆ సాయంత్రంలో కూర్చుని ఆమె పిల్లలకు పియానో నేర్పుతుంది. సెలవు రోజుల్లో తమ్ముడి రాక్ బ్యాండ్ అక్కడ రికార్డింగ్ చేసుకుంటుంది.

తమ్ముడు పగలంతా కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ప్రాణం మాత్రం పాట మీదే. ఒకే పాట, ఐదు భాగాలు: ఆవిరి, మబ్బు, వాన, వరద, చివరికి నేలలో ఇంకిపోవడం. ఒక భాగం ఏ స్వరం మీద ఆగితే తర్వాతిది ఆ స్వరం మీదే మొదలవ్వాలి. ఆ స్వరం ప్రతిసారీ అక్క పియానోలోంచే రావాలి.

చిక్కంతా అక్కడే పడింది. మొదటి రికార్డింగ్ నాటికే తీగలు వదులై పియానో శ్రుతి దిగి ఉంది. సరిచేసే పెద్దాయనకి అక్క కబురు కూడా పెట్టింది. "ఒక్క వారం ఆగవే అక్కా, ఇది అయిపోనీ" అన్నాడు తమ్ముడు. పియానోకి తగ్గట్టు బ్యాండ్ వాళ్లూ గిటార్ల శ్రుతి దించుకున్నారు. 'ఆవిరి' విన్నాక అందరూ దాన్ని మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారు. పాటకి తడిబట్ట బరువేదో వచ్చింది. ఇంకేం, తమ్ముడు షరతు పెట్టేశాడు: ఐదు భాగాలూ అయ్యేదాకా ఒక్క తీగ కూడా బిగించకూడదు.

అక్క అప్పుడే కాదని ఉంటే పోయేది. కానీ 'ఆవిరి'లో మొదట వినిపించేవి ఆమె వేళ్లే; ఆ మురిపెంలో ఒప్పుకుంది. దిగిన తీగలు దిగినచోటే మొండికేసి నిలబడ్డాయి, ఆమెలాగే. 'మబ్బు' అయింది. 'వాన' మొదలైంది. అది వెలవలేదు. డ్రమ్ములు వాయించే కుర్రాడికి పెళ్లయింది, కూతురు పుట్టింది, ఆ పిల్ల నడక నేర్చింది. 'వాన' ఇంకా కురుస్తూనే ఉంది.

ఒక మధ్యాహ్నం పక్కవీధి తల్లి వచ్చింది. కూతురు ఆమె కొంగు వెనక దాక్కుంది.

"టీచర్ గారూ, ఏమీ అనుకోకండి. ఇది స్కూల్లో పియానో ముందు కూర్చుని సగంలో ఏడుస్తూ లేచొచ్చేసింది. వేళ్లన్నీ సరిగ్గానే పడ్డాయట. వినిపించింది మాత్రం వేరే పాటట."

టీచరమ్మకి తెలుసు: పిల్ల తప్పు కాదు. తను నేర్పిన పాటంతా ఈ గదికి మాత్రమే సరిపోయే పాట. ఆ కబురు వీధులు దాటింది. పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. పియానో మీద వాళ్ల చేతుల వెచ్చదనం కూడా చల్లారిపోయింది.

తర్వాతి సెలవునాడు ఆమె పెద్దాయనని పిలిపించింది. బ్యాండ్ వాళ్లు గిటార్లు తగిలించుకుంటుండగా ఆయన సంచీతో లోపలికొచ్చాడు.

"ఇదేంటే?" అన్నాడు తమ్ముడు.

"నీ వాన వెలిసేలోపు నా బడి కొట్టుకుపోయేలా ఉందిరా."

"ఇప్పుడు బిగిస్తే చేసిందంతా గంగపాలు! ఇంకొక్క ఏడాది..."

"నీ ఒక్క ఏడాది ఎప్పుడూ ఇంకో ఏడాదిని కంటుంది. నీ పాటకి ఐదు భాగాలున్నాయి. నాకు మిగిలిన పిల్లలు అంతమంది కూడా లేరు."

డ్రమ్ముల కుర్రాడు పుల్లతో మోకాలు గోక్కున్నాడు. "ఒరేయ్, అక్క పియానోని సరిచేయించి మామూలుగా రికార్డు చేసి, శ్రుతి కంప్యూటర్లో దించెయ్యొచ్చు కదరా. అప్పుడూ చెప్పాను."

"చెప్పావా?" అంది టీచరమ్మ, తమ్ముడి మొహంలోకి చూస్తూ.

"అది దొంగతనం అవుతుంది" అన్నాడు తమ్ముడు నేల చూస్తూ. "పాట నిజంగా ఈ గదిలోదే అయ్యుండాలి."

"ఈ గది ముందు పిల్లలదిరా" అంది ఆమె. తమ్ముడే లేచి పియానో మూత తీసి పక్కకు తప్పుకున్నాడు. "కానివ్వండి బాబాయ్" అన్నాడు.

పెద్దాయన పొద్దువాలేదాకా తీగలు బిగించాడు. మధ్యలో ఆమె రెండుసార్లు లేచొచ్చింది.

"బాబాయ్ గారూ, మరీ లాగేస్తున్నట్టున్నారు. కాస్త దించండి."

"సరిగ్గానే ఉందమ్మా."

"కీచుగా లేదూ?"

ఆయన సంచీలోంచి శ్రుతి చూసే ఇనుప కడ్డీ తీసి మోకాలికి కొట్టి ఆమె చెవి దగ్గర పెట్టాడు. పియానో మీద అదే స్వరం నొక్కాడు. రెండూ ఒక్కటిగా కలిసిపోయాయి. ఏళ్లుగా దిగిన స్వరాలే విన్న ఆమెకి రెండూ తప్పుగానే వినిపించాయి. ఆయన కడ్డీని సంచీలో వేసి తర్వాతి తీగ అందుకున్నాడు.

తమ్ముడు పరుపు ఊడదీశాడు. కిటికీ తెరుచుకుంది. వీధి అంతా ఒక్కసారిగా గదిలోకి వచ్చింది: సైకిల్ గంట, ఎవరిదో నవ్వు, పైఇంటి కుళాయి నీళ్లు. అన్నీ గోడకి ఎక్కువ ఎత్తులో తగిలించిన పటాల్లా ఉన్నాయి ఆమెకి. చెయ్యి చాచినా అందవు.

కబురందుకుని పక్కవీధి తల్లి కూతుర్ని మళ్లీ తీసుకొచ్చింది. పిల్ల బెరుగ్గా కూర్చుని, స్కూల్లో సగంలో వదిలేసిన పాటని మొదటినుంచి వాయించింది. టీచరమ్మ వేళ్లు ఎక్కడ పడుతున్నాయో చూస్తూ నిలబడింది. ఒక్కటీ తప్పు పడలేదు. చెవి మాత్రం అడుగడుగునా వద్దు వద్దంటోంది.

పిల్ల తల ఎత్తింది. "ఇప్పుడు సరిగ్గా ఉందా టీచర్?"

తల్లి కూడా ఆమెవైపే చూస్తోంది.

"నీకెలా వినిపించింది?" అంది టీచరమ్మ. ఆ జవాబు కోసం, పరీక్ష రాసిన పిల్లలా ఎదురుచూసింది.