మొక్కు జుట్టు కింద కంతి

"కదలద్దు పాపా!" అని గుండు కొట్టే తాత అరిచేలోపే నేను కదిలిపోయాను. అప్పటికి సగం తల నున్నగా అయిపోయింది, మిగతా జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఒళ్ళో పడుతోంది. కత్తి కుడి చెవి పైకి వచ్చింది. అక్కడ ఏముందో నాకు తెలుసు, ఆయనకు తెలీదు. చుర్రుమంది. వెచ్చగా ఏదో చెవి వెనక నుంచి మెడ మీదికి దిగింది.

"ఏందమ్మా ఇది, ఈడ కంతి ఉండాదే! ముందే చెప్పల్ల గదా?" అన్నాడు తాత. మా ఇంటి దేవత గుడి దగ్గర నేను పుట్టకముందు నుంచీ గుండ్లు కొడుతున్న మనిషి, చేతిలో కత్తి పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

నేను చెప్పలేదు. తొమ్మిదో తరగతి నుంచి ఆ కంతిని జుట్టు కింద దాచుకునే తిరిగాను. అప్పుడు చింతగింజంత ఉండేది, ఇప్పుడు రేగుపండంత అయింది. దువ్వెన తగిలితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. దాచడం ఎంత అలవాటైపోయిందంటే, తల మీద కత్తి పెట్టే మనిషికి కూడా చెప్పాలని తోచలేదు.

ముక్కు పక్కన ఉన్న పులిపిరిని దాచడానికి మాత్రం జుట్టు లేదు. దాని గురించి అందరూ సలహా ఇచ్చేవాళ్ళే. ఒకరు సున్నం పెట్టమన్నారు, ఒకరు గుర్రం తోక వెంట్రుక కట్టమన్నారు, ఇంకొకరు గుళ్ళో ఉప్పూ మిరియాలూ వెయ్యమన్నారు. మూడూ చేశాను. సున్నానికి చర్మం కాలింది, పులిపిరి ఉన్నచోటే ఉంది. నేను తిరుపతిలో ఒక చీరల షాపులో పని చేస్తాను, వడమాలపేట నుంచి రోజూ బస్సులో పోయి వస్తాను. ఒకసారి ఒకావిడ నా ఎదురుగానే, "ఆ పులిపిరి పాపను పిలవండి, ఆమె ఇసుక్కోకుండా చూపిస్తాది" అనింది. నన్ను మెచ్చుకున్నట్టే మరి!

అందుకే ఆషాఢం అమ్మకాలు మొదలయ్యేలోపు రెండూ తీయించేసుకోవాలని పట్టుబట్టాను. ఆషాఢంలో షాపు వాళ్ళు ఒక్క పూట కూడా వదలరు. సూపర్వైజర్ వెంటపడి బుధ, గురు, శుక్రవారాలు సెలవు తీసుకున్నాను. తిరుపతి ఆస్పత్రిలో డాక్టర్ మేడమ్ గురువారానికి రమ్మంది. "రెండూ మామూలు గడ్డలేమ్మా, భయం లేదు. అక్కడికక్కడే మత్తు సూది వేసి అరగంటలో తీసేస్తాను. కంతి చుట్టూ రూపాయి బిళ్ళంత జుట్టు గొరుగుతాం, అంతే" అంది.

ఇంటికొచ్చి ఆ రూపాయి బిళ్ళ మాట చెప్పడమే నేను చేసిన తప్పు.

"అది మొక్కు జుట్టు మే!" అని అమ్మ లేచింది. రెండేళ్ళ కిందట నాకు డెంగీ వచ్చినప్పుడు నా తలనీలాలు ఇస్తానని మొక్కింది, ఇప్పటిదాకా తీర్చలేదు. "దేవతకు ఇయ్యకముందే ఆస్పత్రోళ్ళు కత్తి పెడితే ఎట్ల? ఎంగిలి జుట్టు ఇస్తామా?"

"రవ్వంతే గదే తీసేది" అన్నాడు నాయన.

"నువ్వు గమ్మునుండు. పంటి గాటు పడిన పండు పెడతావా దేవునికి?"

"మా, గుండుతో షాపుకు ఎట్ల పోయేది?" అన్నాను నేను.

"తిరపతిలో గుండును ఎవరు సూస్తారే? ఊర్లో సగం మంది గుండ్లే గదా!"

నాకు నవ్వొచ్చింది. నవ్వాక ఇంక పోట్లాడలేకపోయాను. అదీకాక, తలంతా గొరిగేస్తే డాక్టరుకే సులువని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అట్లా బుధవారం పొద్దున ఆ తాత ముందు కూర్చున్నాను.

రక్తం చూసి అమ్మ కంగారు పడలేదు. "తల్లి రవ్వంత రగతం అడిగింది, ఇచ్చేసినావు. ఇంగ ఏడవద్దు" అని పసుపూ గంధమూ కలిపి తలంతా మెత్తింది.

గురువారం ఆ తలతోనే అమ్మతో ఆస్పత్రికి పోయాను. మేడమ్ లైటు దగ్గరికి లాగి చూసి, "ఎవరు కోసినారు? ఈ పసుపు ఎవరు పూసినారు?" అంది.

"నేనే మేడమ్. ఇంట్లో కొట్టిన పసుపు, కల్తీ లేదు" అంది అమ్మ.

మేడమ్ ఆ పసుపంతా తుడిచి గాటుకు కట్టు కట్టింది. తర్వాత నాకే చెప్పింది. కంతి లోపల ద్రాక్షపండు తొక్కలాంటి పల్చని సంచి ఉంటుందట. అది చిరగకుండా మొత్తం ఊడొస్తేనే కంతి మళ్ళీ రాదట. గాటు పడి వాచిపోయింది కాబట్టి ఇప్పుడు కోస్తే సంచి ముక్కలవుతుందట. "మాత్రలు రాస్తాను. నెలన్నర ఆగి రా. ముక్కు పక్కది మాత్రం ఇప్పుడే తీసేస్తాను, పడుకో."

నెలన్నర! నాకు ఒళ్ళు మండిపోయింది. "తీస్తే రెండూ తీయండి మేడమ్, లేకపోతే ఏదీ వద్దు" అని లేచి బయటికొచ్చేశాను. ఎవరి మీద ఆ కోపమో నాకే తెలీదు.

బస్సులో పక్క సీటు ఆమె నా గుండు చూసి అమ్మతో, "కొండకు పోయొచ్చినారా అక్కా? లడ్డు ఉంటే రవ్వంత పెట్టండి" అంది.

"కొండకు కాదు, ఆస్పత్రికి."

"ఆస్పత్రిలో కూడా కొడతాండారా గుండు!"

ముందు సీట్ల వాళ్ళు తిరిగి చూశారు. ఇన్నేళ్ళు నేను దాచిన కంతిని, కట్టు కట్టి మరీ చూపిస్తున్నట్టుంది. ఇల్లు చేరగానే అమ్మ మీద విరుచుకుపడ్డాను. "నీ మొక్కు వల్లే! ఉన్న జుట్టు పోయింది, పోవాల్సిన కంతి పోలేదు!"

"నీ పానం కోసం మొక్కినా మే" అంది అమ్మ చాలా మెల్లగా. "అప్పుడు నీ మొగం ఎట్లుండాదని సూసినానా నేను?"

 ఆ మాట నిజమని తెలిసే ఇంకా కోపం వచ్చింది. తాతకు ఒక్క ముక్క చెప్పుంటే సరిపోయేది. మేడమ్ పడుకోమన్నప్పుడు పడుకున్నా కనీసం ఒకటి పోయేది. ఆ రెండూ అమ్మ చేసినవి కావు.

మర్నాడు పొద్దున, సెలవులో మిగిలిన ఆఖరి రోజు, తలకు చున్నీ చుట్టుకుని ఏడింటి బస్సెక్కాను. ఆస్పత్రిలో ఇంకా నేల తుడుస్తున్నారు. మేడమ్ రాగానే లేచి, "నిన్న కోపంలో అనేసినా మేడమ్. ముక్కు పక్కది తీసేయండి. తలమీదదానికి ఆషాఢం అయినాక వస్తా" అన్నాను. చెప్పులు విడిచి, బల్ల ఎక్కి, సూది ఇంకా బయటికి తీయకముందే కళ్ళు గట్టిగా మూసుకున్నాను.