మేకతో చెప్పిన మాటలు

నా చిన్నప్పుడు మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఛాతీ ఎత్తు మట్టిగోడ ఒక్కటే ఉండేది. హుస్నాబాద్‌కు దగ్గరి పల్లె మాది. గోడకు అవతలి ముస్లిం కుటుంబపు ఇల్లాలిని నేను ఖాలా అని పిలిచేవాణ్ణి; మా అవ్వ ఆమెను అక్కా అనేది. మా వైపు అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ అంటాం. మా బాపు, ఖాలా తమ్ముడు ఇద్దరూ కలిసే కువైట్‌కు పోయి, ఒకే కంపెనీలో సెంట్రింగ్ పనికి కుదిరారు. ఆ తర్వాత రెండిళ్లూ ఒకే ఇల్లన్నట్టు నడిచాయి, ఖాలా మేక మా చిక్కుడు పాదును మొదలంటా మేసేదాకా.

మేకను అన్న మాట మనిషికి తగిలింది. మనిషిని అన్న మాట పుట్టింటిదాకా పోయింది. "ఇగ నీతోని నాకు మాటల్లేవు" అని అవ్వ ఒట్టు పెట్టుకున్నది. "లేకుంటే నాకేం పరేషాన్?" అని ఖాలా విసురుగా లోపలికి పోయింది. గోడను మనిషెత్తు లేపాలని అవ్వ ఇటుకలు కూడా తెప్పించింది. కట్టవలసినవాడు మా తాత. ఆయన మాత్రం మన్ను నానలేదనీ, మబ్బు పట్టిందనీ, నడుము పట్టిందనీ పూటకొక సాకు చెప్పేవాడు. అంత పనిమంతుడు ఒక్క గోడకు ఇంతగా వెనకాడటం నాకు వింతగా తోచేది.

ఇటుకలు అలా పేర్చి ఉండగానే, కువైట్‌లోకి పక్క దేశపు సైన్యం దిగిందన్న వార్త వచ్చింది.

బాపు నుంచి కబురు లేదు. ఊళ్లో పుకార్లకు మాత్రం లోటు లేదు. మనవాళ్లను పట్టుకుపోయారని ఒకరు, తాగడానికి నీళ్లు కూడా దొరకడం లేదని మరొకరు చెప్పేవారు. అది ఎక్కడ విన్నారో చెప్పగలిగినవారు ఒక్కరూ లేరు. నమ్మదగిన చోటు ఒకటే, ఖాలా ఇల్లు. వాళ్ల రేడియోలో పరదేశాల నుంచి ఉర్దూ వార్తలు వచ్చేవి. ఆ వార్తల భాష మా ఇంట్లో ఎవరికీ పూర్తిగా అందేది కాదు. ఆ వేళకు అవ్వ బియ్యం చేట పట్టుకుని గోడ దగ్గర నిలబడేది. ఏరిన బియ్యాన్నే మళ్లీ మళ్లీ ఏరేది. వండిన అన్నం మాత్రం ముట్టేది కాదు. అడుగుదామంటే పెట్టుకున్న ఒట్టు అడ్డం వచ్చేది.

కొన్నాళ్లు చూసి, తాత మంచం మీది నుంచే అన్నాడు: "ఏం కోడలా, ఆ బిడ్డతోని మాట్లాడనన్నవు. మేకతోని మాట్లాడనన్లే గద?"

"నీకు నవ్వులాట అయితుందా మామా?" అని అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకున్నది.

కానీ ఆ సాయంత్రం మేక గోడకు ముందుకాళ్లు ఆనించి తల ఇటు పెట్టినప్పుడు, అవ్వ దాని మొహంలోకి చూసి, అవతలికి వినిపించేటట్టు అడిగింది: "ఏమే, పాదు మేసినదానా! మీ ఇంట్ల రేడియో ఏమంటుందే?"

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. ఖాలా గొంతు వినిపించింది, అదీ మేకను ఉద్దేశించే. "చెప్పు, సర్కార్లు సర్కార్లు మాట్లాడుకుంటున్నయట. మనోళ్లను బస్సులల్ల ఎడారి దాటిస్తరట. ఆడికెళ్లి విమానమట. ఫికర్ చెయ్యద్దను. జర అన్నం తినుమను."

ఆ పూట అవ్వ అన్నం తిన్నది.

ఆ తర్వాత రోజూ అదే పద్ధతి. మేక నెమరు వేస్తూ నిలబడితే ఇటు నుంచి ప్రశ్న, అటు నుంచి జవాబు. మధ్యలో దెప్పిపొడుపులు కూడా ఉండేవి. "తమ్ముని కోసం ఏడ్చి ఏడ్చి కండ్లు ఖరాబు చేసుకోవద్దను మీ అమ్మను" అని అవ్వ అంటే, "చిక్కుడుకాయలకు కొట్లాడినోళ్లు గూడ చెప్పొస్తిరా!" అని ఖాలా మేకను కసిరేది. వార్త ఏమీ లేని రోజు, "గియ్యాల ఏం చెప్పలే" అని ఉన్నదున్నట్టు చెప్పేది. ఊరి పుకార్లన్నిటికంటే ఆ మాటే అవ్వకు నెమ్మదినిచ్చేది.

ఒక మధ్యాహ్నం ఖాలా గోడ దగ్గరికి ఉరికి వచ్చింది. మేక అక్కడ లేదు. ఆమె దాని కోసం చూడనూ లేదు.

"చెల్లే! ఓ చెల్లే! తమ్ముడు బొంబాయిల దిగిండు! దుకాణానికి ఫోన్ చేసిండు. నీ పెనిమిటి గూడ పక్కనే ఉండి మాట్లాడిండట!"

"అక్కా!" అని అవ్వ గోడ మీదుగా ఆమె రెండు చేతులూ పట్టుకున్నది. వాళ్లు ఏడుస్తుండగా నేను వెనక్కి తిరిగి చూశాను. మేక మా పెరట్లో ఉన్నది. మళ్లీ నాటిన చిక్కుడు పాదును తీరిగ్గా మేస్తున్నది. అదిలించబోతే తాత నా చేయి పట్టి ఆపాడు. ఆ ఇటుకలను తర్వాత ఆయన బర్రెల కొట్టంలో పరిచాడు. నడుము నొప్పి మాట మళ్లీ ఎత్తలేదు.

పెద్దయ్యాక నేను విద్యుత్తు ఇంజనీరునయ్యాను. ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు తీగచుట్లు ఒకదానికొకటి తగలకూడదు, తగిలితే కాలిపోతాయి. అయినా వాటి మధ్యనున్న ఇనుము ఆసరాగా ఈ చుట్టు నుంచి ఆ చుట్టుకు శక్తి చేరుతుంది. తరగతిలో ఈ పాఠం విన్న రోజు నాకు మా గోడ మీది మేక గుర్తొచ్చింది.

ఇప్పుడు మా తమ్ముడి కొడుకు ఖతర్‌లో పని చేస్తున్నాడు. అటువైపు ఉద్రిక్తత పెరిగినప్పుడల్లా ఫోన్ నిండా క్షిపణుల వీడియోలు వచ్చి పడతాయి. అవి ఎక్కడివో, ఎప్పటివో పంపినవారికే తెలియదు. నేను వాటిని తెరవను. వార్తల్లో ఒక్కదాని కోసమే వెతుకుతాను: ముఖాముఖి మాట్లాడబోమన్న రెండు రాజ్యాల మధ్య కబురు మోసే మూడో దేశం ఇంకా ఆ పని చేస్తున్నదా అని. అది ఇరువైపులా తిట్లు తింటూ ఉండవచ్చు. దానివల్ల ఏమవుతుందని టీవీలో మాట్లాడేవాళ్లు పెదవి విరుస్తూ ఉండవచ్చు. నాకు మాత్రం గోడకు ఆనించిన రెండు కాళ్లు కనిపిస్తాయి. ఆ కాళ్లు ఇంకా గోడ మీదనే ఉన్నాయని రూఢి చేసుకున్నాక, వాడి తల్లి అయిన మా మరదలికి ఫోన్ చేసి, ఫికర్ చెయ్యకుమనీ జర అన్నం తినుమనీ చెప్తాను.