పరదా వెనక నిలబడ్డ మొగుడు

గత గురువారం సాయంత్రం ఖరగ్‌పూర్ ఖరిదాలో మా అక్క ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాడిని, చేతిలో టీ చల్లారిపోతున్న సంగతి కూడా గమనించకుండా నోరు తెరుచుకుని ఉండిపోయాను. పత్రికల్లో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి, ప్రమాదాలూ అల్లర్లూ వరదలూ దగ్గరగా చూసి రాసిన మనిషిని, ఒక సీరియల్ చూసి నిర్ఘాంతపోతానని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆ సీరియల్ మీలో చాలామంది చూస్తూనే ఉంటారు. పెద్దింటి కొడుకు కారు లోయలో పడింది, ముఖం గుర్తుపట్టలేని శవం ఒకటి దొరికింది, ఇల్లంతా ఏడ్చింది. అక్కడిదాకా సరే, అలాంటివి ఎన్ని చూడలేదు! గురువారం నాడు పదో రోజు కార్యం చూపించారు. పెద్ద ఆడవాళ్లు చుట్టూ చేరి ఆ పిల్ల చేతి గాజులు పగలగొడుతుంటే, మొగుడనేవాడు బతికే ఉండి, పక్క గదిలో పరదా వెనక నిలబడి అదంతా చూస్తున్నాడు. ఇంట్లో శత్రువులెవరో కనిపెట్టడానికట! పెళ్లాం బొట్టు చెరిపేస్తుంటే వాడు పిడికిలి బిగించాడే గాని అడుగు బయటికి వెయ్యలేదు. ఆ పిడికిలిని మూడు వైపుల నుంచి ఉరుముల చప్పుడుతో చూపించి, మధ్యలో బట్టల సబ్బు ప్రకటన వేసి, వచ్చాక మళ్లీ అదే పిడికిలి చూపించారు.

న్యాయంగా చెప్పాలంటే ఆ కోడలి పాత్ర వేస్తున్న అమ్మాయి మంచి నటి. సోమవారం నాటి భాగంలో వంటింట్లో ఒంటరిగా అలవాటు కొద్దీ రెండు కంచాలు తీసి, ఒకటి తిరిగి పెట్టేసినప్పుడు మాటా సంగీతమూ ఏదీ లేకుండానే అంతా చెప్పేసింది. అలాంటి సన్నివేశం రాయగలిగినవాళ్లే మూడు రోజులు తిరక్కుండా ఈ పరదా రాశారంటే నమ్మబుద్ధి కాలేదు. అంతకంటే దిగ్భ్రాంతి కలిగించింది మా అక్క. ఆవిడ బఠాణీలు వొలుచుకుంటూ, తల కూడా ఎత్తకుండా చూసింది.

“సీరియలే కదరా, ఒగ్గేయ్. అలా గుడ్లప్పగించి సూస్తావేటి?” అంది. వొలిచిన గింజలు పక్కకి నెట్టి, “మన ఎదురింటి ఒదిన ఇది సూడకుండా ఎల్లిపోనాది. అదే నయం,” అంది.

ఆ మాటతో నేను ఖరిదాలో లేను. న్యూ సెటిల్‌మెంట్‌లో మా నాన్నగారి రైల్వే క్వార్టర్ ముందు గదిలో, గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాను.

ఆ రోజుల్లో మా వరసలో టీవీ ఉన్నది మా ఇంట్లో ఒక్కటే. నాన్నగారు రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసేవారు. చెక్క తలుపుల పెట్టెలో నలుపు తెలుపు టీవీ కొని తెచ్చి, డాబా మీద ఏంటెన్నా కట్టించిన నాటి నుంచి ఆదివారం ఉదయం మా ఇల్లు మాది కాకుండా పోయింది. ఆడవాళ్లు తలంటుకుని, తడి జుట్టు ముడేసుకుని, కొందరు తరగాల్సిన కూరలు కూడా తెచ్చుకుని వచ్చి చాపల మీద కూర్చునేవారు. మగవాళ్లం ఎండలో వరండాకీ గుమ్మానికీ పరిమితం. వచ్చేది హిందీ సీరియల్. మా వాళ్లంతా శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లిళ్లయి వచ్చినవాళ్లు, కూరలు బేరమాడేంత హిందీ, పాలవాడితో పోట్లాడేంత బెంగాలీ వచ్చేవి గాని, ఆ పెట్టెలో గలగలా మాట్లాడేది పట్టుకోవడం వాళ్ల వల్ల అయ్యేది కాదు.

అందుకని మా అమ్మ చెప్పేది. అమ్మ ఖరగ్‌పూర్‌లోనే పుట్టి పెరిగింది. టీవీ పక్కన పీట వేసుకుని, తెర మీద ఒక మాట పూర్తవగానే అందుకుని మన భాషలో చెప్పేసేది. బొంబాయి బంగళాలో సూటు వేసుకున్న మామగారు మా అమ్మ నోట పడేసరికి నిమ్‌పురా రైల్వే యార్డులో పనిచేసే పెద్దాయనలా “ఏటీ గోల?” అని కసిరేవాడు. ఇంగ్లీషు కలిపి మాట్లాడే కోడలు “ఓలమ్మో, నానేటి సేసేది!” అని వాపోయేది. మిగతా వీధుల్లోనూ టీవీ ఉన్న ప్రతి తెలుగింట్లో ఇలాగే ఎవరో ఒకరు చెప్పేవారు. అసలు సీరియల్ కంటే ఆ చెప్పే మనిషిని బట్టే ఏ ఇంటికి జనం ఎక్కువ వెళ్లేదీ తేలేది. మా ఇంటికే ఎక్కువ.

ఎదురింటి వదిన మొదటి వరసలో, గోడకి చేరబడి కూర్చునేది. ఆవిడ భర్త వర్క్‌షాప్‌లో ఫిట్టరు. నాకంటే కొంచెం పెద్దవాడు, నేను అన్నయ్యా అని పిలిచేవాణ్ణి. ఒకరోజు పొద్దున్న డ్యూటీకని బయల్దేరినవాడు వర్క్‌షాప్‌కి చేరలేదు, ఇంటికీ రాలేదు. సైకిలు మాత్రం స్టేషన్ బయట స్టాండులో దొరికింది. గొడవలేమీ లేవు, తాగుడు లేదు, కారణమేమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అప్పుడే కలకత్తా పత్రిక ఒకదానికి ఖరగ్‌పూర్ నుంచి వార్తలు పంపే పనిలో చేరిన నేనే ఆయన కనబడటం లేదన్న చిన్న వార్త రాసి పంపాను. కొన్ని నెలలు గడిచాక చనిపోయాడని ఒక పుకారు పుడితే, అది కూడా పంపబోయాను. మా పెద్ద సబ్ ఎడిటరు కొట్టేశాడు. చూసినవాడు ఎవరో చెప్పేదాకా మనిషిని చంపకూడదన్నది ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం.

ఊళ్లో అత్తవారు మాత్రం పలాస నుంచి కబురు మీద కబురు పంపుతూనే ఉన్నారు. ఏళ్లు గడుస్తున్నాయి, ఇక రాడు, చెయ్యవలసిన కర్మ చేసేస్తే వాడి ఆత్మకీ మంచిది, ఇంటికీ మంచిది, కోడలు వచ్చి బొట్టూ గాజులూ తియ్యాలని. వదిన వెళ్లలేదు. ప్రతి ఉదయం కాసంత పెద్దదిగా బొట్టు పెట్టుకుని వీధి నల్లా దగ్గరికి వచ్చేది.

సరిగ్గా అప్పుడే, ఆదివారం సీరియల్లో ఓడ మునిగింది. కథానాయిక భర్త ఓడలో ఆఫీసరు. మరుసటి వారం శవాన్ని ఒడ్డుకు తెచ్చారు, ఆ అమ్మాయి శవం మీద పడి గాజులు పగలగొట్టుకుంది. గదిలో కూరల కత్తుల చప్పుడు ఆగిపోయింది. అందరూ మా అమ్మ వైపు చూశారు. అమ్మ ఒక్క క్షణం వదిన ముఖం చూసి, ఏ మాత్రం తడబడకుండా, “ఇదంతా కలర్రా. పిల్ల పడుకుని పీడకల కంటంది,” అంది.

పత్రికల వేడి ఇంకా దిగనివాణ్ణి, అది కల కాదని చెప్పబోయి నోరు తెరిచాను. గదిలో ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారి తల తిప్పి నన్ను చూశారు. నోరు మూసుకున్నాను. తరవాతి వారం నాయిక తెల్లచీరలో కనబడింది. “మొక్కుకుంది. మొగుడు చేమంగా తిరిగొచ్చేదాకా తెల్లసీరే కడతానని,” అంది అమ్మ. పటానికి దండ వేస్తే, ఈ రోజు అతని పుట్టినరోజంది. పక్కింటి మామ్మగారు నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని, “అయితే పాయసం ఒండలేదేటే?” అని అడిగింది. “ఒండినారు, టీవీవోడు సూపించలేదు,” అని అమ్మ జవాబు. అందరికీ తెలుసు. వీధి వీధంతా ఒక్కమాట మీద నిలబడి ఆ ఓడ ఆఫీసరును బతికించింది.

ఒక ఆదివారం వదిన అత్తగారే పలాస నుంచి దిగింది. మర్నాటి బండికి కోడల్ని తీసుకుపోవడానికి వచ్చానని వీధిలో అందరికీ చెప్పింది. సీరియల్ వేళకి ఆవిడా వచ్చి వదిన పక్కనే కూర్చుంది. తెర మీద తెల్లచీర పిల్ల కనబడగానే ఆ పెద్దావిడకి మరొక అవకాశం అక్కర్లేకపోయింది.

“సూడే, సూడు. సదువుకున్న పిల్ల, డబ్బున్నోల్ల పిల్ల. మొగుడు పోతే పద్దతిగా తెల్లసీర కట్టింది. నీకేటే అంత పట్టు?”

“అది మొక్కు, ఒదినా,” అంది మా అమ్మ వెంటనే.

“మొక్కేటి, తొక్కేటి! పటానికి దండేసి ఉంటే నాకు కళ్లు కనపడవేటి? ఇన్ని వారాల కల ఎక్కడైనా ఉంటాదేటి?” అందావిడ. ఎవరో ముందే చెప్పేసినట్టున్నారు. అంతమందిలో మా అమ్మ మాటకోసం వెతుక్కోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అప్పుడు వదిన లేచి నిలబడింది. తెర మీద ఆ పిల్ల ఏదో చెబుతోంది. ఒక్కొక్క మాట వెనకాలే, నిదానంగా, ఒక్కటీ తప్పకుండా వదిన తెలుగులో చెప్పుకుంటూ వచ్చింది.

“అత్తా, నువ్వన్నదే నిజం. అది కల కాదు, మొక్కూ కాదు. ఆ పిల్ల మొగుడు సచ్చిపోనాడు. ఓడ మునిగినప్పుడు శవాన్ని తెచ్చి కళ్లముందెట్టినారు. ఒంటిమీదున్న బట్ట సూసి పోలిక పట్టినానని సెబతంది.” అత్తగారి వైపు తిరిగింది. “నాకూ సూపించు. నీ కొడుకుని నువ్వు సూసినావా? సూసినోల్లని ఒక్కర్ని తీసుకురా. ఈ గాజులు ఇక్కడే, ఈల్లందరి ముందే తీసి నీ సేతిలో పెడతాను.”

అత్తగారి సంగతి తరవాత, వదినకి హిందీ వచ్చా! మామ్మగారు అదే అడిగేసింది, “ఏటే పిల్లా, నీకిదంతా తెలుస్తాదా?”

“తెలకుండా ఎలగుంటాది మామ్మా?” అంది వదిన. “ఆయన పటం పట్టుకుని టాటానగరు, ఆద్రా, బిలాస్‌పూరు ఎన్ని స్టేషన్లు తిరిగినాను! పోర్టర్లని, టీ అమ్మే దాదాల్ని, పోలీసోల్లని, ‘ఈయన్ని ఎక్కడైనా సూసినారా’ అని అడగాలంటే హిందీ రావద్దేటి? ఆల్లు సెప్పింది అర్తం అవ్వద్దేటి?”

ఆ తిరుగుళ్ల సంగతి వీధిలో తెలియనివారు లేరు. ఆవిడతో పాటు రెండుసార్లు నేనే వెళ్లాను. అయినా ఆ తిరుగుడు మనిషికి ఒక భాష నేర్పి ఉంటుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. కల అన్నప్పుడూ, పాయసం అన్నప్పుడూ ఆవిడ అంతా తెలిసే గోడకి చేరబడి వింటూ ఉందన్నమాట.

పెద్దావిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, “నానేటి సూసినాను, నానూ సూడలేదు,” అంది. మర్నాడు ఒంటరిగానే బండెక్కింది. మళ్లీ కబురు పంపలేదు.

మరుసటి ఆదివారం పీట వేసుకోవడానికి అమ్మ మొహమాటపడుతుంటే, వదినే గోడవార కూర్చుని, “నువ్వే సెప్పత్తా. నీ నోట ఇంటేనే బాగుంటాది,” అంది.

అన్నయ్య రాలేదు. వదిన తలనెరిసి, మనవల వయసు పిల్లలకి హిందీ చదువు చెప్పుకుంటూ, కొన్నేళ్ల కిందట పోయింది. అమ్మ అప్పటికే లేదు. మా అక్క వెళ్లి పసుపు రాసి, కొత్త గాజులు తొడిగి, పెద్ద బొట్టు పెట్టి సాగనంపింది. పలాస నుంచి వచ్చినవాళ్లెవరూ అదేమిటని అడగలేదు.

గురువారం నాటి భాగం రాసినవారు నాకంటే తెలివైనవారే అయి ఉంటారు, పరదా వెనక మొగుణ్ణి పెడితే ఎంతమంది చూస్తారో వాళ్లకి లెక్కలుంటాయి. కాని నిమ్‌పురాలోనో, ఇంకెక్కడో, ఏ ఇంట్లోనో గోడకి చేరబడి చూస్తున్న ఒక ఆడమనిషి ఉంటుందని, పోయాడని లోకమంతా అంటున్న మనిషి బతికుండి తనని ఇలా చూస్తూ ఊరుకుని ఉంటాడన్న ఆలోచన ఆవిడకి రాత్రంతా నిద్ర పట్టనివ్వదని వాళ్లకి ఎవరు చెబుతారు? మా అమ్మ కథ చెప్పేటప్పుడు తెరను ఎంత చూసేదో, గదిలోని ముఖాల్నీ అంతే చూసేది. ఇప్పుడు కథ నేరుగా మన భాషలోనే వస్తోంది, మధ్యలో ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పే మనిషితో పాటు గదిలోని ముఖాలు చూసే మనిషి కూడా లేచి వెళ్లిపోయిందని గురువారం దాకా నాకు తట్టలేదు.