పెద్దకోడలి గుహ, చిన్నకోడలి నవల

ఆ ఇంటి పెద్దకోడలు నీళ్ళు నిండిన గుహల్లోకి దిగి బతికేది. సరదాపడి వచ్చినవాళ్ళని వెంటబెట్టుకుని, దారి పొడుగునా తాడు కట్టుకుంటూ లోపలికి తీసుకెళ్ళడం, ఆ తాడు పట్టించే మళ్ళీ ఒడ్డుకి చేర్చడం ఆవిడ ఉద్యోగం. చిన్నకోడలు మందుల కొట్టులో పనిచేసేది. తీరిక దొరికితే చాలు, దయ్యాల కథలు రాసుకునేది. ఒకే మేడలో పెద్దావిడ కింద, చిన్నావిడ పైన. ఇద్దరికీ ఎప్పుడూ మాటా మాటా వచ్చింది లేదు.

ఒకరోజు పెద్దకోడలు పని నుంచి వస్తూనే మెట్ల మీద కూలబడింది. ఆ పూట గుహ లోపల ఇరుకు దారిలో, వెనక వచ్చేవాడు, కొత్తవాడు కాకపోయినా, కాళ్ళు టపటపలాడించి అడుగునున్న బురదంతా లేపాడు. టార్చి వెలుతురు మూరెడు దూరం కూడా పోలేదు. తాడు చేజారింది. పైకి తేలదామంటే నెత్తిన రాయి. తడుముకుని తడుముకుని తాడు దొరికించుకుని, వాణ్ణీ ఒడ్డుకి చేర్చేసరికి సిలిండర్లో గాలి అడుగంటింది.

"ప్రాణం పోయినంత పనైంది" అందామె.

భర్త గుమ్మంలోంచి తొంగిచూసి, "నీకివన్నీ మామూలేగా. ముందు ఆ తడిబట్టలు మార్చుకో" అని లోపలికి పోయాడు.

చిన్నకోడలు మాత్రం పక్కనే చతికిలబడి ఒక్కొక్కటే అడిగింది. చెవుల్లో ఏం వినబడింది, నోరెలా ఉంది, ముందుగా ఎవరు గుర్తొచ్చారు. అడిగే మనిషి దొరికినందుకు పెద్దకోడలికి ఏడుపొచ్చింది.

ఏడాది తిరక్కుండా అది నవలై కూర్చుంది. గుహలో దారి తప్పిన ఒక ఆడమనిషి, బురదలో తడుముకుంటూ తాడనుకుని ఎవరివో వేళ్ళు పట్టుకుంటుంది. ఆ వేళ్ళు తిరిగి ఆమెని పట్టుకుంటాయి. ఆ వేళ్ళు తప్ప మిగిలిందంతా పెద్దకోడలిదే. జనం ఎగబడి చదివారు. అత్తగారు దారినపోయేవాళ్ళని ఆపి మరీ చిన్నకోడలి గొప్ప చెప్పుకుంది. పెద్దకోడలు కూడా వచ్చినవాళ్ళందరికీ నవ్వుతూనే కాఫీలిచ్చింది.

ఆమెకి కడుపు మండింది ఒక ఆదివారం నాడు. భర్త ఆ పుస్తకం పట్టుకుని కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. భోజనానికి పిలిస్తే పలకలేదు. చివరికి వంటింట్లోకి వచ్చాడు, మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

"లోపల నిజంగా అంత చీకటిగా ఉంటుందా?"

"ఉంటుంది."

"తాడు వదిలేస్తే ఇక అంతేనా? మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

పెళ్ళయిన నాటి నుంచి చెబుతూనే ఉంది. తను చచ్చి బతికొస్తే చెవిన వేసుకోని మనిషి, మరదలు రాస్తే వణికిపోయాడు!

అప్పటి నుంచి చిన్నకోడలు నవ్వినా ఆమెకి గిట్టలేదు, నవ్వకపోయినా గిట్టలేదు. పైన టైపు కొడుతున్న చప్పుడు వినబడితే కింద గిన్నెలు దభీమని పెట్టేది.

అలా ఉండగా చిన్నకోడలే కిందికి వచ్చింది. "అక్కా, నన్నొకసారి తీసుకెళ్ళవా? చూడకుండా రాశానని సిగ్గుగా ఉంది."

"దానికేం, తీసుకెళ్తా" అంది పెద్దకోడలు. రా, నీకు చూపిస్తా అనుకుంది మనసులో.

ఈతకొలనులో నేర్పాల్సినవన్నీ ఓపిగ్గా నేర్పింది. కొత్తవాళ్ళని పగటి వెలుగు చేరే మేర దాటించకూడదన్నది ఆమె ఎవరి కోసమూ తప్పని నియమం. ఆ రోజు తప్పింది. మలుపు తిప్పి లోపలికి తీసుకెళ్ళి, తాడు తోడికోడలి చేతిలో పెట్టి, తన టార్చి ఆర్పేసింది. చెయ్యి చాపి ఆమెది కూడా ఆర్పేసింది.

ఇక గిలగిల్లాడుతుందని కాచుకుంది. బుడగల చప్పుడు నిదానంగానే ఉంది. ఒక చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది, వీధి దాటేటప్పుడు పట్టుకున్నంత మామూలుగా.

గుండె గుభేలుమంది పెద్దకోడలికే. ఇది బెదిరి ఉంటే? బురద లేచి ఉంటే? గబగబా స్విచ్చి తడుముకుని టార్చి వెలిగించింది.

ఒడ్డెక్కాక చిన్నకోడలు మొహం వెలిగిపోతోంది. "దీపాలార్పి కూడా చూపించావు! ఎంత బాగుందో అక్కా."

"భయం వెయ్యలేదా?"

"నువ్వు పక్కనే ఉన్నావుగా, ఎందుకేస్తుంది?"

పెద్దకోడలు ఇక ఆగలేకపోయింది. "చూపించడానికి కాదే, నిన్ను బెదరగొట్టడానికి ఆర్పాను. నేను ఎంత మొత్తుకున్నా వినని మనిషి నీ పుస్తకం చదివి వణికాడు. ఆ కుళ్ళు."

జుట్టు తుడుచుకుంటున్న చిన్నకోడలి చెయ్యి ఆగిపోయింది. "నేను బెదిరి ఉంటే ఏమయ్యేది?"

"ఇద్దరం అక్కడే ఉండిపోయేవాళ్ళం."

చిన్నకోడలు తువ్వాలు తీసుకుని దూరంగా వెళ్ళి కూర్చుంది.

కొన్నాళ్ళు వాళ్ళకి మాటల్లేవు. తర్వాత మాటలైతే కలిశాయి గానీ, పాత చనువు కలవలేదు. చిన్నకోడలు తర్వాతి నవల అడవి మీద రాసింది.

పెద్దకోడలి భర్త మాత్రం సెలవు దొరికినప్పుడల్లా గుహ దగ్గరికి వచ్చి, నీళ్ళకేసే చూస్తూ కూర్చుంటున్నాడు. ఆమె తల పైకి తేలగానే చటుక్కున లేచి నిలబడతాడు. అలా ఒకరు ఎదురుచూడాలని ఆమె ఎంతగా ఆశపడిందో! అయినా ఆ కళ్ళల్లో బెదురు చూసినప్పుడల్లా, ఇది తన మాట పుట్టించింది కాదు కదా అని మనసు చివుక్కుమంటుంది.

"ఇంతసేపేం?" అంటాడాయన.

"లోపల కాస్త ఇరుకు" అంటూ సిలిండరు ఆయన చేతికందిస్తుంది.