ఏడు అచ్చుల బావగారు

ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. మరదలు అదే భవనంలో కింది అంతస్తులో ఉంటూ, మెట్ల మీంచి రోజుకి పదిసార్లు "బావగారూ!" అని కేకేస్తుంది కాబట్టి, పాలవాడి దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ఆయన బావగారే అయిపోయారు. లిఫ్టెక్కి, కళ్ళు మూసుకుని రెండుసార్లు పైకీ కిందకీ తిరిగి, "మూడో అంతస్తు దగ్గర చక్రం ఏడుస్తోంది" అని చెప్పేస్తారు. విప్పి చూస్తే నిజంగానే చక్రం అరిగి ఉంటుంది. అందుకని తన చెవుల మీద ఆయనకి కొండంత నమ్మకం. ఏ మనిషికైనా అంత నమ్మకం మంచిది కాదని నా అభిప్రాయం.

ఇంటికొచ్చాక ఆ చెవులు రెండూ హౌస్ మ్యూజిక్ రికార్డులకే. తెలియనివాళ్ళకి చెబుతాను. ఒకప్పుడు ఎవరో కుర్రాళ్ళు నేలమాళిగల్లో డ్రమ్ముల యంత్రం ఒకటి పెట్టుకుని, ఏడెనిమిది నిమిషాలు ఆగకుండా ధన్ ధన్ ధన్ ధన్ అని మోగిస్తూ ఎగరడానికి చేసుకున్న సంగీతం అది. పెద్ద కంపెనీలు వాళ్ళని గుమ్మం తొక్కనివ్వలేదు. దాంతో వాళ్ళే కొద్దిపాటి రికార్డులు అచ్చు వేయించి, తెల్ల లేబుళ్ళ మీద రబ్బరు ముద్ర కొట్టి పంచుకున్నారు. తరవాత గిరాకీ పెరిగి, అవే పాటల్ని వేరే వేరే ఫ్యాక్టరీల్లో మళ్ళీ మళ్ళీ అచ్చు వేశారు. ఏ అచ్చు ఎలా మోగుతుందో తేల్చడమే బావగారి జీవితాశయం.

ఆయన దగ్గర ఒకే పాటవి ఏడు అచ్చులున్నాయి. ఆ పాటలో ఒకావిడ "ఇంకా" అని అర్థం వచ్చే మాట ఒక్కటే అరవై నాలుగు సార్లు అంటుంది. సాహిత్యం అంతటితో సరి. ఏడింటికీ ఒక నోటుబుక్కు కూడా ఉంది. గాడి ఆగిపోయే చోట ఫ్యాక్టరీవాళ్ళు సూదితో గీసిన అంకెల్ని భూతద్దం పెట్టి చూసి అందులో ఎక్కిస్తారు. అంకెల పక్కన గుణగణాలు. "రెండోది: గొంతులో జలుబు." "అయిదోది: మర్యాద ఎక్కువ, దమ్ము తక్కువ." మొదటి అచ్చుకి మాత్రం పేజీన్నర. దాన్ని ఆదివారం పదకొండింటికి తలస్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని గాని ముట్టుకోరు. మిగతావాటిని మామూలు రోజుల్లో సాయంత్రాలు వింటారు. మొదటిదాంట్లోనే ఆ దెబ్బ నేల కిందనుంచి వచ్చి అరికాళ్ళకి తగులుతుందని ఆయన సిద్ధాంతం.

ఈ సిద్ధాంతానికి తల ఊపేవాడు ఒకడున్నాడు, పళ్ళ డాక్టరు. అతనూ రికార్డులు పోగేస్తాడు. ఈ పాట మొదటి అచ్చు మాత్రం అతని దగ్గర లేదు. ఇతనికి నేను "గారు" తగిలించను. ఎందుకో మీకే తెలుస్తుంది.

బావగారి భార్య అదే గదిలో, తెరకి అవతల కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఈమధ్య ఒక ఆస్పత్రి నర్సులందరికీ కోట్లు కుట్టే పని వచ్చింది. తాన్లు పెట్టుకోవడానికి చోటు లేదు. ఉన్న ఒక్క అలమరాలో రికార్డులు తిష్ట వేసుకుని ఉన్నాయి.

"ఏవండీ, ఒకే పాట ఏడుసార్లు ఎందుకండీ?"

"ఒకే పాటా? పిచ్చిదానా, ఏడూ ఏడు వేరువేరు!"

"అయితే ఒక పందెం. వీపు తిప్పి కూర్చోండి. నేను ఒక మూడు వినిపిస్తాను. మొదటి అచ్చు ఏదో చెప్పగలిగితే ఏడూ ఉంచుకోండి, మళ్ళీ నోరెత్తను. చెప్పలేకపోతే ఒక్కటి ఉంచుకుని, ఆరు డాక్టరుగారికి ఇచ్చెయ్యండి."

బావగారు నవ్వి ఒప్పేసుకున్నారు. నవ్వేముందు కాస్త ఆలోచించాల్సింది. పదకొండేళ్ళు వెతికి వెతికి తెచ్చుకున్న ఆరు రికార్డులవి.

శనివారం మధ్యాహ్నం డాక్టరు సాక్షిగా వచ్చాడు. సాక్షికి చేతిసంచీ ఎందుకో నాకు అర్థం కాలేదు. బావగారు గోడకేసి తిరిగి, చెప్పులు విడిచి, అరికాళ్ళు నేలకి ఆనించి కూర్చున్నారు. ఆవిడ ఒక రికార్డు పెట్టింది. "కాదు" అన్నారు. ఇంకొకటి పెట్టింది. కాసేపటికి నేల కిందనుంచి గుమ్ గుమ్ మంటూ దెబ్బ అరికాళ్ళకి తగిలింది. బావగారు ఎగిరి గంతేశారు.

"ఇదే! నా ప్రాణం ఇదే! తీసెయ్యి, మూడోది అక్కర్లేదు!"

ఆవిడ సూది ఎత్తింది. పాట ఆగిపోయింది. గుమ్ గుమ్ మాత్రం ఆగలేదు.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంతలో మెట్ల మీంచి కేక.

"బావగారూ! రేపు ఊరెళ్తున్నామని బట్టలు ఇవాళే వేశాను. వాషింగ్ మెషిను మళ్ళీ గెంతుతోంది. కాలి కిందకి అట్టముక్క ఏదైనా ఉంటే పడేద్దురూ!"

మరదలు ప్రతి ఆదివారం పదకొండింటికి బట్టలు ఉతుకుతుంది. పదకొండేళ్ళుగా బావగారు పేజీన్నర రాసింది ఆ మెషిను గురించి. ఇక్కడ భార్య చేతిలో ఉన్నది ఏడో అచ్చు, నిరుడు కొన్నది, ధర చీటీ కూడా ఊడలేదు.

బావగారు నీరుగారిపోయారు. కుర్చీలో కూలబడి, "నాకు చెవులే లేవు. ఏదో ఒకటి ఉంచండి. ఏదైతేనేం, నాకు తెలిసి చస్తుందా?" అన్నారు. నాకే జాలేసింది.

డాక్టరు మాత్రం చకచకా సంచీ విప్పి, ఆరు రికార్డులు సర్దేసి, ఒకటి బల్ల మీద పెట్టాడు. "మొదటి అచ్చు మీకే వదిలేశాను బావగారూ. కావాలంటే విని చూసుకోండి" అని ముప్ఫైరెండూ బయటపెట్టి నవ్వాడు. ఆవిడ తెర అవతలకి వెళ్ళి కోటు చేతులు కుట్టుకుంటోంది. బావగారు ఉత్సాహం లేకుండా సూది దించారు.

"అది నాలుగోదండీ" అంది ఆవిడ తెర అవతలనుంచి, మిషను ఆపకుండానే.

డాక్టరు నవ్వు ఆగిపోయింది. బావగారు భూతద్దం తెచ్చి, గీసిన అంకెలు చూశారు. నాలుగోదే. మొదటి అచ్చు డాక్టరు సంచీలో, నాలుగోదాని అట్టలో భద్రంగా ఉంది. "పొరపాటున..." అంటూ డాక్టరు నీళ్ళు నమిలాడు.

"నీకెలా తెలిసింది?"

"నాలుగోదాంట్లో డ్రమ్ముల మధ్య వచ్చే చప్పట్లు అలిసిపోయి ఉంటాయి, పాపం. మొదటిదాంట్లో అయితే ఆ పాడేవిడ చివరిసారి 'ఇంకా' అనేముందు చిన్న ఊపిరి తీసుకుంటుంది. తక్కినవాటిల్లో అది వినపడదు."

బావగారు సంచీ ఖాళీ చేసి ఏడూ వరసగా పెట్టారు, క్రమం మార్చి మార్చి పెట్టారు. ఆవిడ తల తిప్పకుండా, దారం పంటితో తెంపుతూ, ఏడింటికి ఏడూ చెప్పేసింది. డాక్టరు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. వాళ్ళ ఆస్పత్రిలో కూడా ఎవరూ అంతలా తెరవరు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నారు బావగారు.

"మీరు డాక్టరుగారిని అడిగారు. పాలవాడిని కూర్చోబెట్టి వినిపించి అడిగారు. నన్నెప్పుడు అడిగారు?"

బావగారికి సిగ్గేసింది. నిజంగానే ఒక్కసారి కూడా అడగలేదు.

పందెం పందెమే అంది ఆవిడ. కాకపోతే ఒక్క సవరణ చేసింది. రెండు ఉంచి, అయిదే డాక్టరుకి ఇచ్చింది. ఉంచినవాటిలో ఒకటి మొదటిది, ఆయనకి. ఇంకొకటి నాలుగో అచ్చు.

"అది నాకు. ఆ అలిసిపోయిన చప్పట్లంటే నాకిష్టం. దానికి కుట్టు బాగా పడుతుంది."

డాక్టరు వెళ్ళాక అలమరాలో తాన్లు సర్దారు. బావగారు తన కుర్చీ తుడిచి, రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యన జరిపి, "ఇలా వచ్చి కూర్చో. అసలు వినాల్సింది ఇక్కడే" అన్నారు.

"అక్కడేం వినపడుతుందండీ? ఇక్కడికి రండి."

బావగారు మొదటి అచ్చు పెట్టి, తెర తీసి, వెళ్ళి మిషను పక్కన నేల మీద చతికిలబడ్డారు. పాట అయిపోయింది.

"ఊపిరి ఎక్కడ? నాకేం వినపళ్ళేదే?"

"మాట్లాడుతూ ఉంటే ఏం వినపడుతుంది? మళ్ళీ పెట్టండి" అంది ఆవిడ, మిషను ఆపి.

ఆయన లేచి మళ్ళీ పెట్టారు.